సింహం కథా, జెర్రిపోతు కథా? చిన్న తరగతులకు ప్రకృతి పుస్తకాలు ఎంచుకోవడం

మా ప్రాథమిక పాఠశాలలో లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా, రెండు పొడవాటి చాపలు. మూడేళ్ల కిందట ఒక దాత ఇచ్చిన డబ్బుతో పర్యావరణం మీద ఇరవై కథల పుస్తకాల సెట్టు కొన్నాను. నున్నటి కాగితం, మెరిసే గట్టి అట్టలు. ప్రతి పుస్తకం చివరి పేజీలో ఒక రంగు డబ్బా, అందులో నీతి. చెట్లను నరకరాదు. నీటిని వృథా చేయరాదు. పక్షులను హింసించరాదు. పిల్లలు వారం రోజుల్లో ఇరవై పుస్తకాలూ చదివేసి బీరువాలో పెట్టేశారు. మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. అదే బీరువాలో గోడ మీది బల్లి గురించి పన్నెండు పేజీల పాత పుస్తకం ఒకటుంది. తోక ఎలా తెంచుకుంటుంది, తెగిన తోక కాసేపు ఎందుకు గిలగిలలాడుతుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది, అంతే అందులో ఉన్నది. పిల్లల చేతుల్లో నలిగి దాని వెన్ను ఊడిపోతే రెండుసార్లు దబ్బనంతో కుట్టాను. ఇప్పుడు మూడోసారి ఊడింది.

సెట్టుకు పెట్టిన డబ్బు తలచుకుంటే నాకిప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదువు చెప్పే టీచర్లు, రాత్రి పడుకోబోయే ముందు పిల్లలకు కథ చదివే అమ్మానాన్నలు నాలాగా దెబ్బ తినకూడదని ఇది రాస్తున్నాను.

నా కొలత ముందే చెప్పేస్తాను. పుస్తకం చేతికి రాగానే రెండు సంగతులు చూస్తాను. అందులోని జీవి తన బతుకు తాను బతుకుతోందా, లేక మనిషి మాటలు అప్పజెబుతోందా? పుస్తకం మూశాక పిల్లలు లేచి వెళ్లి కళ్లతో చూడగలిగింది ఏమైనా ఉందా? రెంటికీ జవాబు బాగుంటే బొమ్మలు కాస్త అటూఇటుగా ఉన్నా కొంటాను.

పంచతంత్రం, జాతక కథలు

షాపులో జంతువుల కథలు కావాలంటే ముందు చేతికొచ్చేది పంచతంత్రం. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. చిన్నయసూరి 1853లో పంచతంత్రం కథలతో నీతిచంద్రిక అచ్చువేసినప్పటి నుంచి తెలుగు పిల్లలు తరతరాలుగా దాన్ని చదువుతూనే ఉన్నారు. అయితే అది రాజకుమారులకు లోకవ్యవహారం నేర్పడానికి పుట్టిన పుస్తకం. సింహం అంటే రాజు, నక్క అంటే కొలువులో ఉండే జిత్తులమారి. చెరువు ఎండిపోబోతోందని చేపలను నమ్మించి, వేరే చెరువుకు చేరుస్తానని ఒక్కొక్కదాన్నీ మోసుకెళ్లి తినేసే కొంగ కథ గుర్తుందా? అందులో కరువు కొంగ ఆడిన అబద్ధం. చెరువు నిజంగా ఎండితే ఏమవుతుందో ఆ కథకు పట్టదు. మోసగాళ్లను నమ్మొద్దని చెప్పడమే దాని పని, ఆ పని చక్కగా చేస్తుంది కూడా. అదే కథను చెరువుల పాఠానికి వాడబోతే పిల్లల మనసులో మిగిలేది కొంగ దొంగ అన్న ఒక్క ముక్క. మేం గుంటూరుకు దగ్గర్లో ఉంటాం. ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు, రకరకాల కొంగలు వేలల్లో చేరి చెట్ల మీద గూళ్లు పెడతాయి. ఏటా పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాను. దొంగల్ని చూడ్డానికి వచ్చినట్టు చూస్తే ఎలా?

కొంగను వదిలేసినా పాము దగ్గర మాత్రం ఊరుకోలేను. ఒక వానాకాలం మా బడి వంటపాక వెనక జెర్రిపోతు కనిపించింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మూడో తరగతి మగపిల్లలు నలుగురు కర్రలతో పని ముగించేశారు. ఆరడుగుల పైన ఉంది, పాపం. ఎందుకు చంపారని అడిగితే ఒకడు పగబడుతుందన్నాడు. ఇంకొకడు రాత్రిపూట ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగేస్తుందన్నాడు. మూడోవాడు అసలు పామంటేనే చెడ్డది టీచర్ అన్నాడు, కథల్లో ఎప్పుడైనా మంచి పాముందా అన్నట్టు. నా దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ మాత్రం, "దానికి విషం లేదమ్మా, పొలంలో ఎలకల్ని పట్టేది అదే. ఈసారి గట్ల నిండా బొక్కలే ఉంటాయి చూడండి," అంది. ఆవిడ చెప్పిన రెండు ముక్కలూ అచ్చమైన నిజం. మా బీరువాలోని నలభై జంతువుల కథల్లో ఒక్కదాంట్లోనూ అవి లేవు. అప్పటి నుంచి జంతువుల పుస్తకం కొనేముందు, ఇందులో ఏ జీవిని దుష్టపాత్ర చేశారో చూస్తున్నాను. పాము, గబ్బిలం, గుడ్లగూబ, తేలు, బల్లి. మన చుట్టూ ఉండేవి, మన చేతిలో చచ్చేవి ఇవే.

బుద్ధుడి పూర్వజన్మల కథలైన జాతక కథలు కొంచెం వేరు. వాటిలో కూడా జంతువులు మాట్లాడతాయి, నీతి చెబుతాయి. కానీ జంతువు ప్రాణం జంతువుదే అన్న ఎరుక వాటిలో ఉంది. నిగ్రోధ మృగ జాతకంలో రోజుకో జింక వంతు ప్రకారం రాజు వంటశాలకు వెళ్లాలి. కడుపుతో ఉన్న జింక వంతు వచ్చినప్పుడు జింకల రాజు తానే వెళ్లి మెడ వంచుతాడు. కాశీరాజు చలించి ఆ జింకను వదిలేస్తానంటే, మరి మిగతా జింకల సంగతేమిటంటాడు. వాటినీ వదిలేస్తానంటే, తక్కిన నాలుగు కాళ్ల జంతువుల మాటేమిటి, పక్షుల మాటేమిటి, నీళ్లలో చేపల మాటేమిటి అని అడుగుతూనే ఉంటాడు. ఆ అడగడం ఉంది చూశారా, రెండో తరగతి పిల్లలు దాన్ని పాటలా పట్టేసుకుంటారు. మరి చీమలు? మరి దోమలు? దోమల దగ్గర క్లాసు రెండు ముక్కలైపోయింది. ఈ రెంటిలో ఒక్కటే కొనగలిగితే జాతక కథలే కొనండి. పంచతంత్రం ఎలాగూ ఇంట్లోనో, పాఠ్యపుస్తకంలోనో ఏదో ఒక రూపంలో దొరుకుతుంది.

పురాణాల్లోంచి కూడా ఒకటి చెప్పాలి. రామాయణంలో జటాయువు గృధ్రరాజు, అంటే రాబందుల రాజు. సీతమ్మ కోసం రెక్కలు తెగేదాకా పోరాడాడని పిల్లలందరికీ తెలుసు. అదే పిల్లలకు రాబందు అంటే పేపర్లో లంచగొండిని తిట్టే మాట. ఈ రెండూ ఒకే పక్షి అని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు చచ్చిన పశువు ఒంట్లో మిగిలిపోయి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని అవి గుంపులు గుంపులుగా పోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. జటాయువు కథ తెలిసిన పిల్లలకు ఇది నాలుగో తరగతిలో చెబితే చాలు. కొత్త పుస్తకం అక్కర్లేదు.

పైసా ఖర్చు లేని కథ

ఇన్ని పుస్తకాల లెక్క చెబుతున్నాను గానీ, ప్రకృతిలో ఒకటి చెడితే మరొకటి ఎలా చెడుతుందో చెప్పడానికి మన ఏడు చేపల కథను మించింది నాకు కనబడలేదు. పర్యావరణ కథ అని దాన్నెవరూ అనరు. నిద్రపుచ్చడానికి చెబుతారు.

రెండో తరగతిలో ఒక రోజు ఆ కథనే బోర్డు మీద కింది నుంచి పైకి బాణం గుర్తులతో వేశాను. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. ఆవు మేయలేదు. గొల్లవాడు మేపలేదు. అవ్వ బువ్వ పెట్టలేదు. పిల్లాడు ఏడ్చాడు. చీమ కుట్టింది. "ఇందులో తప్పెవరిది?" అని అడిగాను. ఎక్కువమంది అవ్వది అన్నారు. కొందరు గొల్లవాడిదన్నారు, పని ఎగ్గొట్టాడని. వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని పాప, "చీమది మాత్రం కాదు టీచర్, పుట్ట దాని ఇల్లు కదా," అంది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అనే మాటకు అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు. ఎక్కడో ఒక పుట్టలో వేలు పెడితే ఇంకెక్కడో రాజుగారి చేప ఎండకుండా పోవడం ఏమిటో ఆరేడేళ్ల పిల్లలకు అర్థమైంది. ఆహార గొలుసు, ఆవరణ వ్యవస్థ లాంటి మాటలు ఆ రోజు నేను వాడనే లేదు.

తర్వాత మన ఊరి చెరువుకు అలాంటి కథ కట్టండర్రా అన్నాను. చెరువూ చెరువూ, నీలో చేపలెందుకు లేవు? నీళ్లు రాలేదు. కాలువా కాలువా, ఎందుకు రాలేదు? గుర్రపుడెక్క అడ్డమొచ్చింది. గుర్రపుడెక్కా, ఎందుకు పెరిగావు? ఎవరూ తీయలేదు. ఎందుకు తీయలేదు? ఇక్కడ కాస్త ఆగి, ఒకడు సీరియస్‌గా, "లస్కరు రిటైరైపోయాడు, కొత్తాయన రాలేదు టీచర్," అన్నాడు. లస్కరంటే కాలువ చూసుకునే ఉద్యోగి. వాళ్ల తాత చెప్పాడట. అంతకంటే ముందుకు నేనూ వెళ్లలేదు.

మీ పల్లెలో, మీ ఇంట్లో ఇలాంటివి ఇంకా ఉంటాయి. కొనే జాబితా రాసేముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి.

బొమ్మల కథ, సమాచార పుస్తకం

అసలు బేరం ఇక్కడే. ఒకే జీవి మీద రెండు రకాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. మా బీరువాలో సముద్ర తాబేలు మీద అలాంటివి రెండున్నాయి. ఒకటి కథ. ఇసుకలోంచి బయటికొచ్చిన పిల్ల తాబేలు అమ్మను వెతుక్కుంటూ పీతనడుగుతుంది, చందమామనడుగుతుంది, చివరికి అమ్మ ఒళ్లో చేరుతుంది. బొమ్మలు ముద్దొస్తాయి. కానీ తల్లి తాబేలు గుడ్లు పెట్టి ఇసుక కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతే మళ్లీ పిల్లల ముఖం చూడదు. ఆ కథలో నిజమైంది ఇసుక ఒక్కటే.

రెండోది సన్నని సమాచార పుస్తకం. ఆలివ్ రిడ్లీ తాబేలు మన తీరానికి చలికాలం వెళ్తూండగా వచ్చి ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు పెడుతుంది, పిల్లలు రావడానికి నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజులు పడుతుంది, ఇసుక వేడిని బట్టి ఆడవో మగవో అవుతాయి, వేడి ఎక్కువైతే ఆడవి. ఈ వాక్యం చదవగానే నాలుగో తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కాసేపటికి ఒక పిల్ల, "టీచర్, మరి ఎండలు ఇంకా పెరిగితే అన్నీ ఆడపిల్లలే పుడతాయా? అప్పుడెట్టా?" అంది. భూతాపం గురించి నేను సిద్ధం చేసుకున్న పాఠం పక్కన పెట్టేశాను. ఆ పిల్లే పాఠం మొదలుపెట్టేసింది.

దీన్నిబట్టి కథలు అనవసరమని తీర్మానించకండి. మొదటి రెండు తరగతులకు సమాచార పుస్తకం ఒట్టి అట్టముక్క. వాళ్లకు కథ కావాలి, కథలో ఒక పేరున్న జీవి కావాలి, ఆ జీవికి ఏదో ఒకటి జరగాలి. నా గొడవ అబద్ధం చెప్పే కథతోనే. పిచ్చుక గూడు కట్టడానికి వెంట్రుకలు, పీచు ఏరుకొచ్చి ట్యూబ్‌లైటు వెనక దూర్చే కథలో పిచ్చుక ఒక్క మాట మాట్లాడకపోయినా బోలెడంత కథ ఉంది. ఇంటి చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీసే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. పిచ్చుక పుస్తకం చదివిన రోజున ఒక కుచ్చు తెచ్చి వరండాలో కడితే ఆ పుస్తకానికి రెండో భాగం అదే రాసుకుంటుంది.

షాపులో నిలబడి పుస్తకం తేల్చుకోవాలంటే ముందు చివరి పేజీ తీయండి. అక్కడ కూడదు, రాదు, వలెను అని ఉంటే తొంభై పాళ్లు వదిలేయొచ్చు. తర్వాత పేర్లు చూడండి. అనగనగా ఒక పిట్ట, ఒక చెట్టు అని రాసే రచయితకు ఆ పిట్ట ఏదో తెలియదని అర్థం. గోరింక, పికిలిపిట్ట, లకుముకి, కానుగ, తుమ్మ అని పేరు పెట్టి పిలిచే పుస్తకం మీద నమ్మకం కుదురుతుంది. ఇక మీకు బాగా తెలిసిన ఒక్క విషయం పట్టుకుని పరీక్షించండి. ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్ ఒకే మంచుగడ్డ మీద కబుర్లాడుతుంటే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి. ఒకటి ఉత్తరాన ఉంటుంది, ఇంకొకటి దక్షిణాన. నల్లమల అడవిలో సింహం గర్జించినా అంతే. నల్లమలలో ఉన్నది పులి. ఇంత చిన్న సంగతి చూసుకోనివాళ్లు పెద్ద సంగతులు చూసుకుని ఉంటారని నేను నమ్మలేను.

భయపెట్టే కథలు

చెట్లన్నీ నరికేశారు, నది ఎండింది, చివరి పులి చచ్చిపోయింది, భూమి ఏడ్చింది. ఇలాంటివి పోటీల్లో బహుమతులు కొడతాయి. చిన్నపిల్లలకు మాత్రం చదవకండి. నాలుగో తరగతి లోపు విషాదాలు వద్దు అని డేవిడ్ సోబెల్ అనే అమెరికా విద్యావేత్త గట్టిగా వాదించాడు. ఇష్టం కలగకముందే భయం కలిగితే పిల్లలు ప్రకృతికి దగ్గర కావడం మానేసి దూరం జరుగుతారని ఆయన మాట. నా క్లాసులో కూడా అదే చూశాను. ఒకటో తరగతిలో ఎండిన నది కథ చదివితే ఒక పాప ఇంటికెళ్లి నీళ్లు తాగడం మానేసింది, నీళ్లు అయిపోతాయని. మర్నాడు వాళ్లమ్మ వచ్చి నాకు పాఠం చెప్పి వెళ్లింది.

ఒక మినహాయింపు ఉంది. ఆపద అప్పటికే ఇంట్లోకి వచ్చి ఉంటే, దాని గురించి కథ చదవకపోవడమే తప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లు చూసిన పిల్లలకు వరద కథ వాళ్ల సొంత సంగతే. ఏరు తన దారి ఎందుకు వెతుక్కుంటుందో చెప్పే కథ వాళ్లకు ఏ తరగతిలోనైనా చదవొచ్చు.

నిజం మనుషుల కథలు

నాలుగు, ఐదు తరగతులకు నేను ఎక్కువ ఖర్చు పెట్టేది వీటి మీదే. ఇందులోనూ రెండు జాతులున్నాయి. ఒక మహానుభావుడు ఒంటరిగా అడవి పెంచిన కథలు, ఊరు ఊరంతా కలిసి ఒక జీవిని కాపాడిన కథలు.

మొదటి రకంలో మనకు ఇంటి మనిషే ఉన్నాడు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య, వనజీవి రామయ్యగా అందరికీ తెలిసిన మనిషి. జేబుల నిండా విత్తనాలు పోసుకుని సైకిలెక్కి, ఖాళీ జాగా కనిపించిన చోటల్లా నాటుకుంటూ పోయాడు. వృక్షో రక్షతి రక్షితః అన్న పలక తలకు తగిలించుకుని తిరిగేవాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క, పిల్లలు లేని లోటుకు భర్తతో కలిసి హులికల్ నుంచి కూడూరు వెళ్లే రోడ్డు పొడవునా మర్రిమొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. మొత్తం 385 చెట్లు. పిల్లలు ఈ కథలు నోరు తెరుచుకుని వింటారు. ఒక చిక్కుంది. విన్న తర్వాత, అంత గొప్పవాళ్లం మనం కాలేం కదా అనిపిస్తుంది. రామయ్య నాటాడని చెప్పే కోటి మొక్కల లెక్క పిల్లల చేతికి అందదు, సైకిలు, జేబులో గింజలు అందుతాయి. కాబట్టి రామయ్య మీద రెండు పుస్తకాలు కనిపిస్తే, అవార్డుల ఫొటోలున్నది వదిలి సైకిలు బొమ్మలున్నది తీసుకోండి.

రెండో రకం కథల్లో నాకు బాగా పనికొచ్చింది, చెట్లనూ జంతువులనూ కాపాడటం ధర్మంగా పెట్టుకున్న బిష్ణోయీలది. జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊళ్లో 1730లో రాజుగారి మనుషులు చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవి చెట్టును కావలించుకుని ప్రాణమిచ్చింది, ఆమె వెనక మొత్తం 363 మంది. ఎక్కడో రాజస్థాన్ కథ మన పిల్లలకెందుకు అనుకునేదాన్ని. వాళ్లు కావలించుకున్న ఖేజ్రీ చెట్టు మన జమ్మి చెట్టేనని తెలిశాక పరిస్థితి మారిపోయింది. దసరాకు ఆకు తెంచి బంగారమని పెద్దల చేతిలో పెట్టే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. కథ చెప్పేముందు కొమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాను. చావులున్న కథ కాబట్టి ఐదో తరగతికే.

దసరా అంటే ఇంకో కథ. ఆ రోజు పాలపిట్టను చూస్తే శుభమని నమ్మకం, అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు పక్షిని పట్టి పంజరంలో తెచ్చి చూపించి డబ్బులడుగుతారు. చట్టప్రకారం అది నేరం. ఎగిరే పిట్టను చూస్తే శుభమా, పంజరంలో ఉన్నదాన్ని చూసినా శుభమేనా అని మూడో తరగతిలో అడిగి చూడండి. పుస్తకంలో ఈ మెలిక ఉంటే కొనండి. పాలపిట్ట నీలి రంగు రెక్కల వర్ణనతో సరిపెడితే అక్కర్లేదు.

ఇక నేను పుస్తకం లేకుండా నోటితోనే చెప్పే కథ కలివికోడిది. 1848లో శాస్త్రవేత్తల లెక్కలోకి వచ్చిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980ల్లో పక్షి శాస్త్రవేత్తలు దాని బొమ్మ పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే మనిషి రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చాడు. అక్కడా రెడ్డిపల్లే, చిత్రంగా. ఎనభై ఏళ్లకు పైగా లోకం చచ్చిపోయిందనుకున్న పిట్ట బతికే ఉంది. పట్టుకున్న ఆ పిట్ట మాత్రం కొన్నాళ్లకే చచ్చిపోయింది. దాని నెలవు కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లించారు. కథలో దొంగ లేడు, హీరో ఎవరో చెప్పడం కష్టం. ఐతన్న మంచి చేశాడా చెడు చేశాడా అని పిల్లలు కొట్లాడుకుంటారు. ఒక్కో ఏడాది ఒక్కో వైపు తేలుతుంది. జవాబు మీరు చెప్పకండి.

తెలుగు ఎలా ఉంది, ఎక్కడ దొరుకుతుంది

విషయం ఎంత బాగున్నా భాష దగ్గర బోల్తా పడే పుస్తకాలున్నాయి. ముఖ్యంగా అనువాదాలు. వన్యప్రాణి సంరక్షణ ఆవశ్యకత అన్న మాట ఉన్న పుస్తకం ఏడేళ్ల పిల్లకు ఎవరు చదువుతారు? కొనేముందు ఒక పేజీ పైకి చదవండి. నాలుక తట్టుకుంటే పిల్లలకూ తట్టుకుంటుంది. ఇంగ్లిషులో మేపుల్ చెట్టు, ఉడుత మంచులో గింజలు దాచుకోవడం, అలాగే తెలుగులోకి దిగిపోయిన కథలు చిన్న తరగతులకు వద్దు. మన ఉడుతకు మంచు తెలియదు. మూడో తరగతి దాటాక దూరదేశపు కథలు కూడా బాగుంటాయి, పక్కన ఒక భూగోళం పెట్టుకుంటే.

నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాదు మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, చెన్నై తూలికా వాళ్ల ద్విభాషా పుస్తకాలు, నేను ముందు వెతికే చోట్లు ఇవి. చాలావరకు సన్నని పుస్తకాలు వంద రూపాయల లోపే. డబ్బు అసలు లేకపోతే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవడానికీ అనుమతి ఉంది. వాటికి నాలుగు స్థాయిలున్నాయి, మొదటి స్థాయిలో 250 మాటల లోపు ఉంటాయి. అయితే అక్కడ ఎవరైనా కథ పెట్టొచ్చు కాబట్టి అన్నీ ఒకే మాదిరిగా ఉండవు. ఫోన్లో చూపించడం కంటే నలుపు తెలుపు ప్రింటు మేలు. పిల్లలు రంగులు వేసుకుంటారు, ఆ రంగు వేసే సమయంలో పిట్ట ముక్కు ఎలా ఉంటుందో గమనిస్తారు. కాస్త పెద్ద పిల్లలుంటే జన విజ్ఞాన వేదిక వాళ్ల పిల్లల సైన్సు పత్రిక చెకుముకికి చందా కట్టండి, నెలనెలా కొత్తది వస్తుంది.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి వారాంతాల్లో పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లు ఒకటి ఆలోచించాలి. డల్లాస్‌లో పుట్టిన పిల్లకు పాలపిట్ట కిటికీలో కనిపించదు. నా రెండో కొలత వాళ్లకు వర్తించాలంటే, అక్కడి పెరట్లోకి వచ్చే ఎర్ర కార్డినల్ పిట్ట మీద మీరే నాలుగు వాక్యాల తెలుగు కథ రాయాలి. సెలవుల్లో ఊరికి వచ్చేటప్పుడు మాత్రం ఇక్కడి పిట్టల పుస్తకం తప్పకుండా చేతిలో పెట్టండి. తాతయ్య పెరట్లో వెతుక్కోవడానికి పనుంటుంది.

నా దగ్గర వెయ్యి రూపాయలే ఉంటే

ఇంట్లో ఒక్క పిల్లకైతే వెయ్యి అక్కర్లేదు. పక్షుల మీద ఒకటి, పురుగుల మీద ఒకటి, ఇంటి చుట్టూ కనిపించేవి ఉండేలా చూసి కొనండి. జంతువులు పాంటూ చొక్కా తొడుక్కున్నవి ఎవరో ఒకరు పుట్టినరోజుకు ఎలాగూ ఇస్తారు.

బడికైతే ఇలా చేస్తాను. ఆరు సన్నని బొమ్మల కథలు, ఆరింటిలో ఆరు వేరువేరు జీవులు, అన్నీ మా ఊరివి. నాలుగు సమాచార పుస్తకాలు, అందులో ఒకటి కచ్చితంగా పాముల మీద, విషం ఉన్నవేవో లేనివేవో పక్కపక్కన రంగు బొమ్మలతో. జాతక కథలు ఒకటి. మిగిలిన డబ్బుతో దారం, జిగురు, ప్రింటుకు కాగితాలు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శన, డిసెంబరులో హైదరాబాదుది, వీలైతే అక్కడికే వెళ్లి నిలబడి పేజీలు తిరగేసి కొనండి. జాబితా పంపి తెప్పించుకుంటే మొదట నాకు జరిగిందే జరుగుతుంది. సెట్టుగా అమ్మేది ఏదీ కొనకండి. సెట్టులో రెండు మంచివి, పద్దెనిమిది వాటి బరువు మోసేవి.

నా పాత సెట్టు దండగైపోయిందని అనలేను. అట్టలు నిజంగానే గట్టివి. మొన్న అందులోంచి ఒకటి విప్పి, చెట్లను నరకరాదు అన్న పేజీ లోపలి వైపుకు వచ్చేలా మడిచి, బల్లి పుస్తకానికి కొత్త అట్ట వేశాను. ఈ వారం అది మళ్లీ పిల్లల చేతుల్లో తిరుగుతోంది.